నలభై ఇళ్ళ అక్షింతలు

ఈ మధ్య మలేషియాలో, ఇపో పట్నంలో మా ఇంటికి ఇద్దరు కుర్ర టీచర్లు వచ్చారు. నేను ఉద్యోగంలో చేరిన మొదటి బడి, ఆ ఎస్టేటు మిడిల్ స్కూలు గురించి పుస్తకం వేస్తున్నారట. "మీ రోజుల్లో మన పిల్లలు సాధించిన విజయాల మీద ఒక నాలుగు పేజీలు రాసివ్వండి సార్" అన్నారు. నాలుగు పేజీలు రావు నాయనా, అక్షరాలు లావుగా రాస్తే ఒక పేజీ నిండుతుంది అన్నాను. నవ్వారు. నేనేమన్నా జనం నవ్వుతారు. నా ఉద్యోగ జీవితంలో జరిగిన పెద్ద ప్రమాదం అదే.

వెళ్ళబోతూ ఒక ఫోటో చూపించారు. మా బడి గోడకి ఉండే విజయాల బోర్డు. చెదపురుగులు ఒక మూల తినేశాయి గాని పేర్లు బాగానే కనబడుతున్నాయి. "తెల్ల రంగుతో ఎంత గుండ్రంగా రాశారో! ఈ దస్తూరీ ఎవరిది సార్?" అని అడిగారు.

టీ తాగి వెళ్ళండి అన్నాను. ప్రశ్న అడిగితే జవాబు చెప్పకుండా ఇంకేదో అనడం నాకు పాత జబ్బు. ఆ జవాబు ఇప్పుడు రాస్తున్నాను. విజయాల పుస్తకంలో ఇమడదనుకుంటే తీసేయండి, నేనేమీ అనుకోను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. తెలుక్ ఇంటాన్ని తెలుక్ ఆన్సన్ అనే రోజులు. ఆ ఊరికి లారీలో గంట దూరంలో, అడవి అంచున రబ్బరు ఎస్టేటు. మలయా ఇంకా తెల్లవాళ్ళ చేతిలోనే ఉంది, దేశంలో ఎమర్జెన్సీ నడుస్తోంది. అడవిలో తుపాకులు పట్టుకున్న కమ్యూనిస్టులు, బయట తుపాకులు పట్టుకున్న సర్కారు, మధ్యలో బాల్చీలు పట్టుకున్న మేము. కూలీల ఇళ్ళ వరసల్ని లైన్లు అనేవాళ్ళం. ఆ లైన్ల చుట్టూ, గుడి చుట్టూ, బడి చుట్టూ కలిపి ఒకే ముళ్ళకంచె. దానికి ఒకే గేటు. పొద్దున్న గేటు దగ్గర పోలీసులు అందర్నీ వెతికి బయటికి వదిలేవారు. లోపలికి వచ్చేటప్పుడు వెతికేవారు కాదు. బయటి నుంచి మేము తెచ్చుకోగలిగింది ఏమీ లేదని వాళ్ళకి తెలుసు.

బడిలో ముగ్గురం. పెద్ద మేష్టారు విజయనగరం వైపు నుంచి ఓడ ఎక్కి వచ్చిన పండితుడు. రెండో మేష్టారు ఉబ్బసం మనిషి, ఆయన ఉద్యోగం చాలావరకు దగ్గడమే. మూడోవాణ్ణి నేను, లెక్కలకీ ఇంగ్లీషుకీ. పెద్ద మేష్టారికి ఏ సంగతైనా ఉపన్యాసమే. వానాకాలం బడి కప్పు కారితే, "వరుణదేవుడు స్వయముగా మన విద్యార్థులను పరీక్షింప వచ్చియున్నాడు" అనేవారు. నేను వెళ్ళి వరుణదేవుడి కింద బాల్చీ పెట్టేవాణ్ణి. పిల్లలు విరగబడి నవ్వేవారు. ఆయన కళ్ళజోడు మీంచి నాకేసి చూసి, "అబ్బాయీ, నీకు దేనిమీదా భక్తి లేదురా" అనేవారు. నిజమే. నాకు ఆయన మీద కూడా లేదు అప్పుడు.

విజయాల బోర్డు ఆయన సృష్టి. వడ్రంగితో పలక చెక్కించి, నల్లరంగు వేయించి, బడి గుమ్మం పక్కన కొట్టించారు. ఏటా బడి పండగనాడు లైన్ల వాళ్ళందరి ముందూ ఆ బోర్డు చదవాలి. మొదట్లో పేర్లు చాలక, జిల్లా ఆటల పోటీల్లో మావాడు ఒకడు లాంగ్ జంప్‌లో రెండో బహుమతి కొట్టిన సంగతి కూడా ఎక్కించారు. పోటీలో దూకినవాళ్ళు ఇద్దరే అని నేను గుర్తు చేశాను. "ఇద్దరిలో రెండవవాడైనను, దూకెను గదా!" అన్నారు.

బోర్డు మీద రాసేది ఒక అమ్మాయి. ఏడో తరగతి, పదమూడేళ్ళు. బడి మొత్తంలో అంత గుండ్రని దస్తూరీ లేదు. చదువు కూడా అంతే. ఇంగ్లీషులో నేను తప్పు చదివితే దిద్దేది కాదు, పుస్తకంలోంచి తల ఎత్తి నా మొహం చూసి మళ్ళీ దించుకునేది. అది దిద్దడం కంటే ఎక్కువ. తల్లి జ్వరంతో పోయింది. తండ్రి కొబ్బరి తోటల్లో పని దొరికిందని సముద్రం వైపు వెళ్ళి తిరిగి రాలేదు. మామ్మ పెంచింది. తెల్లవారకముందే లేచి రబ్బరు చెట్లు గీసి, బాల్చీల్లో పాలు మోసి పెంచింది.

ఆ ఏడు తెలుక్ ఆన్సన్‌లో ఆడపిల్లల ఇంగ్లీషు బడిలో చేరడానికి పరీక్ష పెట్టారు. ప్యాసైతే ఫీజు లేదు, అక్కడే ఉండి చదువుకోవచ్చు. మా బడి నుంచి ఇద్దరు పరీక్షకి అర్హులయ్యారు. ఒకరు ఈ మామ్మ మనవరాలు. రెండోది కంగాణిగారి అమ్మాయి. కంగాణి అంటే కూలీల మేస్త్రీ, బడి కమిటీకి ప్రెసిడెంటు కూడా. కంగాణిగారి అమ్మాయికి ఈ ఏడు కాకపోతే ఇంకో ఏడు ఉంది. మామ్మ మనవరాలికి వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. ప్యాసైతే ఇంగ్లీషు బడి, కాకపోతే మామ్మ బాల్చీ పక్కన ఇంకో బాల్చీ. ఆ సంగతి ఆ పిల్లకీ తెలుసు, లైన్లకీ తెలుసు.

ఇక బియ్యం సంగతి. అడవిలోవాళ్ళకి తిండి అందకూడదని సర్కారు ఆర్డరు వేసింది. బియ్యం, అన్నం, రొట్టె, డబ్బాపాలు, తినేది ఏదీ గేటు దాటకూడదు. దాటితే జైలు. ఆర్డర్లు ఇంగ్లీషులో వచ్చేవి. పొద్దున్న హాజరు పిలిచేచోట నిలబడి వాటిని తెలుగులో చదివి చెప్పే పని నాది. నేను చదువుతానంటే జనం పిల్లాజెల్లాతో వచ్చేవారు. మిగతా ఎస్టేట్లలో నెలకోసారి సినిమా వేసేవారు. మా ఎస్టేటులో నేనున్నాను.

ఆ ఆర్డరు కూడా అలాగే చదివాను. "తినే వస్తువేదీ గేటు దాటకూడదు. కడుపులో ఉన్నది మాత్రం తీసుకెళ్ళొచ్చు. దాన్ని వెతకడానికి ఇంకా మిషను రాలేదు" అన్నాను. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

కంగాణిగారు నవ్వలేదు. "మేష్టరూ, ఎగతాళి సెయ్యకండి లా. పోలీసోళ్ళ యవ్వారం. సరిగ్గా సెప్పండి" అన్నారు, మలయాలో అందరికీ అలవాటైన 'లా' మాట చివర తగిలిస్తూ.

"సరిగ్గానే చెప్పాను కంగాణిగారూ. వాళ్ళు సరిగ్గా నవ్వారు" అన్నాను.

మళ్ళీ నవ్వారు. తరవాత నాకు అర్థమైంది ఏమిటంటే, జనం నా నవ్వులాటని ఇంటికి తీసుకెళ్ళారు, ఆర్డరుని అక్కడే వదిలేశారు.

పరీక్షకి ముందురోజు సాయంత్రం బడిలో చిన్న సభ పెట్టారు పెద్ద మేష్టారు. ఇద్దరమ్మాయిల్నీ బెంచీ మీద కూర్చోబెట్టారు. "ఈ కంటకావరణమును దాటి రెండు చిలుకలు రేపు విద్యావనమునకు ఎగిరిపోవుచున్నవి" అని మొదలెట్టారు. చిలకలు ఎస్టేటు లారీలో వెళ్తాయి, ఆరుంపావుకి తయారుగా ఉండాలి అని నేను ముగించాను.

అప్పుడు అక్షింతలు. మావాళ్ళలో ఒక అలవాటు ఉంది. పెళ్ళికైనా ప్రయాణానికైనా పెద్దలు నెత్తిన వేసిన అక్షింతలు కింద పడి తొక్కుడు పడనివ్వరు. ఏరి, గుడ్డలో ముడివేసి, తలపెట్టిన పని పూర్తయ్యేదాకా ఒంటిమీదే ఉంచుకుంటారు. పని అయ్యాక పారే నీళ్ళలో కలుపుతారు. ముందే విప్పితే దీవెన వెనక్కి పోతుందని నమ్మకం. మా లైన్లలో నలభై తెలుగు ఇళ్ళు. రేషను బియ్యం. వారం చివర గంజిలో గింజలు లెక్కపెట్టుకునే ఇళ్ళు. ఆ నలభై ఇళ్ళ నుంచీ మనిషో చిటికెడు, మనిషో గుప్పెడు పసుపు కలిపిన బియ్యం తెచ్చి ఆ పిల్లల నెత్తిన పోశారు. కూలివాళ్ళ ఇళ్ళలోంచి ఇంగ్లీషు బడికి వెళ్ళబోతున్న మొదటి ఆడపిల్ల గదా. ఎవరి ఇంటి దీవెన వెనకబడితే వాళ్ళకి నామర్దా.

సభ అయ్యాక మామ్మ నా దగ్గరికి వచ్చింది. చేతిలో పాత చీర చించిన గుడ్డ.

"మేష్టరూ, మా గుంట అచ్చింతలు ఒంటిమీద కట్టుకుని ఎల్లొచ్చునా? గేటుకాడ ఏటైనా అంటారా?"

చుట్టూ పదిమంది ఆడవాళ్ళు ఉన్నారు. నాకేసి చూస్తున్నారు, మొహాలు అప్పుడే నవ్వుకి తయారుగా పెట్టుకుని. వాళ్ళని నిరాశపరచడం నాకు చేతకాదు.

"మామ్మా, నీ నాలుగు గింజలు తిని అడవిలోవాళ్ళు బలిసిపోయి సర్కారుని పడగొట్టేస్తారా?" అన్నాను.

అందరూ నవ్వారు. మామ్మ కూడా నవ్వి, "ఏటి మేష్టరో!" అంటూ వెళ్ళిపోయింది. నేను కూడా నవ్వుకుంటూ వెళ్ళి అన్నం తిని పడుకున్నాను. ఆమె నన్ను ప్రశ్న అడిగిందని, నేను జవాబు చెప్పలేదని, కానీ ఆమెకి జవాబు అందిందని నాకు తట్టలేదు. నాలుగు గింజలు నలభై ఇళ్ళు కలిస్తే ఎంతవుతుందో కూడా తట్టలేదు. లెక్కల మేష్టర్ని.

మర్నాడు ఆరింటికి గేటు దగ్గర లారీ నిలబడి ఉంది. పక్కన రబ్బరు పాలకి వెళ్ళేవాళ్ళ వరస. పెద్ద మేష్టారు ఇస్త్రీ కోటు, తలపాగాతో ముందు సీట్లో కూర్చున్నారు, పట్నంలో ఆ బడివాళ్ళ ఎదట ఉపన్యాసం ఇవ్వడానికి. కంగాణిగారి అమ్మాయిని వెతికి వదిలేశారు. కంగాణిగారు ఆర్డరుని ఆర్డరుగా విన్న మనిషి, కూతురి వాటా అక్షింతలు ఇంట్లో దేవుడి గూట్లో పెట్టించారు. తరవాత మా అమ్మాయి, మామ్మ మనవరాలు. ఆడవాళ్ళని వెతికే పని ఒక తమిళావిడది. నడుం దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"ఎన్న పాప్పా ఇదు?" అంది, ఏమిటమ్మా ఇది అని, మెల్లిగా. ఇంకో రోజైతే ఆ చెయ్యి అక్కడ ఆగకుండా కిందికి జారిపోయేదేమో. ఆ రోజు ఆమె వెనకాల కొత్తగా వచ్చిన తెల్ల సార్జంటు నిలబడి ఉన్నాడు.

గుడ్డ విప్పి బల్లమీద పోశారు. నాలుగు గింజలు కాదు. బియ్యం కొలిచే పాలడబ్బా తెచ్చి పోస్తే అంచుదాకా వచ్చింది. పైగా జేబులో కాదు, సంచీలో కాదు, గౌను కింద నడుముకి మూడు చుట్లు చుట్టి కట్టి ఉంది. జారిపోతుందని మామ్మ భయం. దొంగతనంగా బియ్యం దాటించేవాళ్ళు కూడా సరిగ్గా అక్కడే, అలాగే కడతారు.

సార్జంటు నన్ను పిలిచాడు. గేటు దగ్గర ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే అని అతనికి తెలుసు.

"ఇదేమిటి?"

"పూజ బియ్యం. పెద్దవాళ్ళ దీవెన."

"పూజ అయ్యాక వండుకుని తినొచ్చా?"

నాలాంటివాడు అడగాల్సిన ప్రశ్న అది. కానీ అతను నవ్వడం లేదు.

"తినొచ్చు" అన్నాను. ఆ రోజు అతనికి నేను చెప్పిన చివరి నిజం అదే.

"ఎవరిచ్చారో పిల్లని అడుగు."

అడిగాను. ఆ పిల్ల బల్లమీది పసుపు బియ్యాన్నే చూస్తోంది. "నాదే మేష్టరూ. నానే కట్టుకున్నాను" అంది. నలభై ఇళ్ళలో ఒక్క ఇంటి పేరూ చెప్పలేదు.

అప్పుడు కంచె అవతలి నుంచి మామ్మ చూసింది. వరసలోంచి ఊడి వచ్చి ముళ్ళతీగ పట్టుకుని అరిచింది. "ఓ దొరబాబూ! దాన్నేటీ అనకు! ఆ మేష్టరు ఒప్పుకున్నాడు బాబూ! నిన్న అడిగినాను, పట్టుకెల్లమన్నాడు. మేష్టరూ, సెప్పండి దొరకి, మీరే కదా సెప్పినారు! సెప్పండి లా!"

సార్జంటు నాకేసి తిరిగాడు. "ఏమంటోంది?"

నేను అప్పుడు సర్కారు బడిలో ఉద్యోగానికి కాగితం పెట్టుకుని ఉన్నాను. నా నడవడి మంచిదని పోలీసులు సంతకం పెట్టాలి. అడవిలోవాళ్ళకి తిండి పంపారన్న అనుమానం మీద మనుషుల్ని ఏళ్ళ తరబడి లోపల పెట్టడం చూశాను. ఇవన్నీ కారణాలే. తరవాత చాలా ఏళ్ళు ఇంకా మంచి కారణాలు వెతికాను. కానీ ఆ క్షణంలో ఇవేవీ ఆలోచించలేదు. నోరు దానంతటదే తెరుచుకుంది. నా నోరు ఎప్పుడూ అంతే.

"మనవరాలి కోసం ఏడుస్తోంది" అన్నాను.

మామ్మ ఏడవడం లేదు. మెడనరాలు పొంగేలా అరుస్తోంది. ఏడుపుకీ అరుపుకీ తేడా తెలియడానికి తెలుగు రానక్కర్లేదు. కానీ సార్జంటు తల ఊపాడు. ముళ్ళతీగ దగ్గర ముసలమ్మలు ఏడవడం అతను చాలా చూసి ఉంటాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ పిల్లకి ఇంగ్లీషు వచ్చు. నేనే నేర్పాను. బల్లమీంచి తల ఎత్తింది. నా మొహం చూసింది. మళ్ళీ దించుకుంది.

లారీ తలుపు చప్పుడైంది. పెద్ద మేష్టారు దిగారు. ఆయనకి ఇంగ్లీషు పది మాటలు వస్తాయి, వాటిని నేను రోజూ పిల్లల ముందు వెక్కిరించేవాణ్ణి. నేను అన్నమాట ఆయనకి అర్థమైందో లేదో గాని, మామ్మ అన్నమాట అర్థమైంది. నేను ఒప్పుకోలేదన్నది కూడా. కోటు సర్దుకుంటూ బల్లదాకా నడిచి వచ్చారు. నేను భయపడ్డాను, ఈయన ఇప్పుడు 'ఓ శ్వేతవర్ణుడా' అని మొదలెడతారేమోనని.

"ఐ హెడ్‌మాస్టర్" అన్నారు. పసుపు బియ్యం మీద వేలు పెట్టి, "దిస్ రైస్, మై ఆర్డర్" అన్నారు.

ఆయన జీవితంలో ఇచ్చిన అన్నింటికంటే చిన్న ఉపన్యాసం. నేను ముగించడానికి అందులో ఏమీ మిగల్లేదు.

సార్జంటు నాకేసి చూశాడు, నిజమేనా అన్నట్టు. అప్పుడు కూడా అవకాశం ఉంది. పెద్ద మేష్టారు నా వైపు తిరిగి, "వెళ్ళరా అబ్బాయీ. రెండో పిల్లకి ఆలస్యమవుతోంది" అన్నారు. అంత మామూలు తెలుగు ఆయన నోట వినడం అదే మొదలు.

వెళ్ళాను. అదీ నేను ఆ రోజు చేసిన పని. కంగాణిగారి అమ్మాయిని లారీ ఎక్కించుకుని వెళ్ళాను. ఊరు దగ్గరికి వచ్చాక ఏదో హాస్యమాడి ధైర్యం చెప్పబోయాను. కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

మా అమ్మాయిని స్టేషనుకి తీసుకెళ్ళి, కాగితం రాసి, మధ్యాహ్నం వదిలేశారు. పిల్లే కదా అన్నారు. అప్పటికి పరీక్ష అయిపోయింది. బడివాళ్ళని నేను అడిగాను. నియమం నియమమే, వయసు వయసే అన్నారు, చాలా మర్యాదగా. బియ్యం మాత్రం సాక్ష్యం కింద స్టేషనులోనే ఉండిపోయింది. నలభై ఇళ్ళ దీవెన, నెంబరు చీటీ అంటించి, బీరువాలో.

పెద్ద మేష్టారిని కొన్నాళ్ళు లోపల పెట్టి వదిలారు. కానీ ఇకమీదట పాఠం చెప్పకూడదు, ఆ ఎస్టేటులో ఉండకూడదు అన్నారు. ఆయన సామాను కట్టుకోవడానికి గంట టైమిచ్చారు. ఆయనకి అంత అక్కర్లేకపోయింది. రెండో మేష్టారు దగ్గుతూ, "నువ్వే కదటోయ్ మామ్మకి చెప్పింది?" అన్నాడు నాతో. ఆ ఒక్కసారే. తరవాత ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. ఊసెత్తితే కొంచెం బాగుండేది. లైన్లలో ఆడవాళ్ళు నన్ను చూసి మొహం తిప్పుకుంటారనుకున్నాను. తిప్పుకోలేదు. తరవాతి ఆర్డరు చదివినప్పుడు ఎప్పటిలాగే వచ్చి నిలబడ్డారు. నేను ఆర్డరు మాత్రమే చదివి దిగిపోయాను. "మేష్టరుకి ఒంట్లో బాగులేదేటి?" అనుకున్నారట.

మామ్మ మాత్రం తప్పు తనదే అనుకుంది. మేష్టరు సరదాకి అన్నమాట పట్టుకుని మూర్ఖంగా కట్టానని అందరితో చెప్పుకుంది. నన్ను వెనకేసుకొచ్చింది. ఆ దెబ్బ నాకు ఇంకా తగ్గలేదు.

కంగాణిగారి అమ్మాయి ప్యాసైంది. ఆ వార్త పట్టుకుని హుటాన్ మెలింటాంగ్ అనే నది ఒడ్డు ఊరికి వెళ్ళాను. పెద్ద మేష్టారు అక్కడ చేపలు ఎండబెట్టే కొట్టు పక్కన గది తీసుకుని, పడవలవాళ్ళకి ఉత్తరాలు రాసిపెడుతున్నారు. గది నిండా ఎండుచేపల వాసన. ఇస్త్రీ కోటు మేకుకి వేలాడుతోంది. బస్సులో వస్తూ దారంతా ఒక క్షమాపణ కట్టుకుని వచ్చాను. మొదలెట్టాను కూడా.

"ఆ పిల్ల ప్యాసైందా?" అన్నారు మధ్యలో అడ్డొచ్చి.

"అయింది మేష్టారూ. కానీ నేను ఆ రోజు..."

"అయితే బోర్డు మీద ఎక్కించు. మలయాకి స్వాతంత్ర్యం వచ్చే రోజున అందరి ముందూ చదువు. అక్షరాలు గుండ్రంగా ఉండాలి. ఆ దస్తూరీ ఎవరిదో నీకు తెలుసు" అన్నారు. నది వైపు తిరిగి, "రెండో చిలుక ఎలా ఉందిరా?" అన్నారు.

కలుపు తీసే పనిలో చేరింది అని చెప్పాను. ఆయన పడవవాడి ఉత్తరం మళ్ళీ ముందుకి లాక్కున్నారు. మీలో ఎవరైనా, ఉపన్యాసాలు చెప్పే మనిషి మాటకి బరువు ఉండదనుకుంటే, లేదా మాటలు తక్కువైనవాడికే బరువు ఉంటుందనుకుంటే, రెండూ తప్పే. నేను రెండు రకాల మనుషుల్నీ ఒకే కోటులో చూశాను. రెండేళ్ళకి ఆయన పోయారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళెవరూ లేకుండానే సాగనంపారట. నాకు కబురు మూడు వారాలకి అందింది.

మా అమ్మాయి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కలుపు నుంచి రబ్బరు చెట్ల దగ్గరికి, మామ్మ తరవాత మామ్మ వరస చెట్లే ఆమెకి ఇచ్చారు. ముప్పై ఏళ్ళు గీసింది. పెళ్ళైంది, పిల్లలయ్యారు, లైన్లలో వాళ్ళందరికీ దరఖాస్తులు ఆమే రాసిపెట్టేది. మూడేళ్ళ కిందట పోయింది. నేను వెళ్ళాను. నాకు సర్కారు ఉద్యోగం కూడా వచ్చింది లెండి. మెర్డెకా, అంటే మలయాకి స్వాతంత్ర్యం, వచ్చిన వారంలోనే కాగితం అందింది. నా నడవడి మంచిదని పోలీసులు సంతకం పెట్టారు.

మెర్డెకాకి ముందురోజు మధ్యాహ్నం. బడికి కాగితం జెండాలు కడుతున్నారు. కంచె అలాగే ఉంది. గేటు దగ్గర వెతకడం కూడా అలాగే ఉంది. దేశం రేపు గేటు దాటుతుంది గాని బియ్యం ఇంకా దాటకూడదు. నేను కబురు పెడితే మా అమ్మాయి పని దిగి నేరుగా వచ్చింది. కాళ్ళకి మన్ను. చేతులు కడుక్కుని, గౌనుకి తుడుచుకుని, స్టూలు ఎక్కింది. పలక మీద ముందు పెన్సిలుతో గీత గీసుకుంది. నేను తెల్లరంగు డబ్బా పట్టుకుని కింద నిలబడ్డాను. ఆ విజయానికి నా సేవ అంతవరకే.

కంగాణిగారి అమ్మాయి పేరు మొదటి అక్షరం రాసింది. అరచేతుల్లో కొత్తగా లేచిన బొబ్బలున్నాయి, కుంచె పట్టుకునే తీరు మారింది. అక్షరం మాత్రం మారలేదు.

"మేష్టరూ."

"ఊఁ."

"ఆవేల మామ్మ కంచె అవతల్నించి అరిసినాది కదా. ఏటంతన్నాదని ఆ దొర అడిగితే, మీరేటి సెప్పినారు?"

ఆ పిల్ల విన్నది. నేను చెప్పింది విన్నదని నాకు తెలుసు, నాకు తెలుసని ఆ పిల్లకీ తెలుసు. పాత జబ్బు గొంతుదాకా వచ్చింది. అనడానికి రెండు మూడు మాటలు తయారుగానే ఉన్నాయి, ఒకటి నిజంగా బాగుంది కూడా. మింగాను.

"ఏడుస్తోందని చెప్పాను."

కుంచె ఆగలేదు. రెండో అక్షరం మెలిక తిరిగింది, తలకట్టు పడింది.

"అప్పుడు ఏడవనేదు."

"లేదు."

"తరవాత ఏడిసినాది లెండి" అంది, కుంచె డబ్బాలో ముంచడానికి కిందికి వంగుతూ. "అబద్దం కాదు. మీరు రవ్వంత ముందు సెప్పినారు, అంతే."

నా హాస్యమంతా ఒకచోట పోసి కొలిచినా ఆ మాటకి సరిపోదు. ఏదో అనాలని తల ఎత్తాను. ఆ పిల్ల నా మొహం చూడటం లేదు. నా చేతిలో డబ్బాని చూస్తోంది.

"డబ్బా కుదురుగా పట్టండి మేష్టరూ. ఒలికిపోతన్నాది."